చెవులపిల్లి, పిల్లికూతలు

ఆయాసం వచ్చినప్పుడు ఛాతీలోంచి వినపడే ఈల చప్పుడును మనం పిల్లికూతలు అంటాం. ఆ మాట ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. మా ఇంట్లో పిల్లి లేదు, ఏనాడూ లేదు. పిల్లికూతలు మాత్రం నాలుగేళ్ల నుంచి ఉన్నాయి. రాత్రి రెండింటికి లేచి, పాప వీపుకు చెవి ఆనించి, లోపల ఎన్ని పిల్లులు కూస్తున్నాయో వినడం నాకూ మా ఆవిడకూ అలవాటైపోయింది. ఆ పిల్ల మూడో తరగతిలో ఉండగా పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే సైకిల్ అంటుందనుకున్నాం. "చెవులపిల్లి" అంది.

నల్లగొండలోనే ఒక దుకాణంలో కొన్నాం. చేపలు, లవ్ బర్డ్స్, వాటి వెనకాల వైరు బోనులో కుందేళ్లు. పాపకు దమ్ము, అంటే ఆస్తమా, ఉందని ముందే చెప్పాను. "కుక్క, పిల్లి అయితే ప్రాబ్లం సార్, కుందేలుకు అలర్జీ ఉండదు. చిన్న జీవం, ఇంట్లో ఉన్నట్టే తెలవదు" అన్నాడతను. నాకు వినాలని ఉన్న మాట అదే కాబట్టి ఇంకో ప్రశ్న వేయలేదు. తెల్లటి పిల్లకు మా పాప మల్లె అని పేరు పెట్టింది. కింద పరవడానికి అడితిలోంచి రంపపు పొట్టు ఒక సంచెడు, తినడానికి తెలిసినవాళ్ల కొట్టంలోంచి వరిగడ్డి తెచ్చాను. బోను ఎక్కడ పెట్టాలన్న ఆలోచనే రాలేదు. పాప మంచం పక్కన పెట్టాం, ఇంకెక్కడ పెడతాం?

మూడు వారాలు తిరక్కుండా, మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మళ్లీ బయటికొచ్చింది.

మా అమ్మ తీర్పు అప్పటికప్పుడే వచ్చేసింది. "గా చెవులపిల్లి బొచ్చుతోనే పిల్లకు దమ్ము లేస్తున్నది. ఎవలకన్న ఇచ్చి రాపో బిడ్డా." ఇచ్చేశాను. హాలియా అవతల మా అక్క వాళ్ల ఊరు. వాళ్లకు ఇల్లు పెద్దది, వాకిలి పెద్దది, రేకుల షెడ్డు ఉంది. పాప ఏడ్చింది, సెలవుల్లో వెళ్లి చూద్దామని నచ్చజెప్పాం. మే నెల రెండో వారంలో అక్క ఫోన్ చేసింది. పొద్దున గడ్డి తిన్నదట, మధ్యాహ్నం మూడింటికి చూస్తే పక్కకు ఒరిగి ఉందట. మే నెలలో మా జిల్లాలో 44, 45 డిగ్రీలు వింతేమీ కాదు, రేకుల కింద అంతకన్నా ఎక్కువే. కుందేలుకు చెమట పట్టదు, కుక్కలాగా నాలుక చాపి ఒగర్చి ఒంటిని చల్లబరుచుకోవడమూ దానికి సరిగా చేతకాదు. ఉన్న దారల్లా ఆ చెవులే. బయటి గాలే నిప్పులా ఉంటే చెవులు మాత్రం ఏం చేస్తాయి? ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి గండం మొదలవుతుందని నాకు తర్వాత తెలిసింది. పాపకు మాత్రం మల్లె బత్తాయి తోటలోకి ఉరికిపోయిందని చెప్పాం. నెల తర్వాత మా మేనల్లుడు ఆటల్లో ఉన్నమాట చెప్పేశాడు. ఆ పిల్ల మమ్మల్ని ఒక్క మాట అనలేదు. రెండు రోజులు నానమ్మ పక్కన పడుకుంది, అంతే.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రెండు రోజులు. దమ్ము, అలర్జీ ఉన్న పిల్లలున్న ఇళ్లలో అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: ఏ జంతువైతే అలర్జీ రాదు? ఆ ప్రశ్న తప్పు అని నా వాదన. దానికి దుకాణదారు దగ్గర ఎప్పుడూ ఒక జవాబు ఉంటుంది, అది ఆ రోజు అతని బోనులో ఏది ఉంటే అదే. అడగాల్సింది మన పిల్లకు దేనికి పడదు అని, తెచ్చిన జీవం ఏ గదిలో పడుకుంటుంది అని, దాని ఉచ్చ రోజూ ఎవరు కడుగుతారు అని. పడకపోతే అది ఎక్కడికి పోతుంది అన్నది కూడా తెచ్చాక కాదు, తెచ్చే ముందే అడగాలి. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా, మా ఇంట్లో ఆ పిల్లిని నేనే అయ్యాను.

ముందు బొచ్చు సంగతి. బొచ్చు రాలితే అలర్జీ వస్తుందని, రాలకపోతే రాదని దాదాపు అందరూ నమ్ముతారు. నేనూ నమ్మాను. అసలు పడనిది వెంట్రుక కాదు, ఆ జీవి ఒంట్లోంచి వచ్చే ప్రొటీన్లు. అవి దాని ఉమ్మిలో, చర్మం మీది జిడ్డులో, మన తలలో చుండ్రులా రాలే సన్నటి పొట్టులో, ఉచ్చలో ఉంటాయి. పిల్లి ఒళ్లంతా నాకుతుంది, నాకిన ఉమ్మి ఆరి పొడి అవుతుంది, ఆ పొడి గాలిలో గంటల తరబడి తేలుతుంది. పిల్లిలో ముఖ్యమైన ఆ ప్రొటీన్‌కు ఫెల్ డి 1 అని పేరు. అది బట్టలకు అంటుకుని, ఏనాడూ పిల్లిని పెంచని ఇళ్లకూ, బడి గదులకూ చేరుతుంది. పిల్లిని ఇంట్లోంచి పంపేసినా ఆ ఇంట్లో అది తగ్గడానికి నాలుగైదు నెలలు పట్టొచ్చు. జీవాన్ని ఇచ్చేసిన వారానికే తేడా కోసం చూసే వాళ్లకు ఈ లెక్క తెలియదు.

కుక్కల విషయంలో "అలర్జీ రాని జాతి" అని ఎక్కువ డబ్బు గుంజుతారు. 2011లో అమెరికాలో ఇళ్ల దుమ్ము తీసి కొలిచి చూస్తే, అలా పేరు పడ్డ జాతులున్న ఇళ్లలోనూ మామూలు కుక్కలున్న ఇళ్లలోనూ కుక్క అలర్జీ ప్రొటీన్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇక చిన్న జీవం, ఇంట్లో ఉన్నట్టే తెలవదు అన్న మాట. ఎలుకలు, చిట్టెలుకల ప్రధాన అలర్జీ ప్రొటీన్లు ఉచ్చలో ఉంటాయి. కుందేలుకు, తోక లేని లావుపాటి ఎలుకలా ఉండే గినీ పిగ్‌కు ఉమ్మిలో, ఉచ్చలో, చర్మపు పొట్టులో ఉంటాయి. ల్యాబుల్లో ఏళ్ల తరబడి ఎలుకలు, గినీ పిగ్‌లతో పనిచేసే వాళ్లలో చాలామందికి వాటి అలర్జీ వస్తుంది, కొందరికి ఆస్తమా దాకా పోతుంది. వైద్యులకు ఇది బాగా తెలిసిన వృత్తిరోగం. ఒకటి ఆలోచించండి. బర్రె ఎంత పెద్దదైనా కొట్టంలో ఉంటుంది. ఎలుక లాంటి గుప్పెడంత పెంపుడు జీవం హామ్‌స్టర్ మాత్రం పిల్లల పడకగదిలో ఉంటుంది, ఉన్న బోనులోనే పోసుకుంటుంది, ఆ పొట్టునే రాత్రంతా తవ్వి ఎగరగొడుతుంది. ఏది దూరం, ఏది దగ్గర? చిన్నది కాబట్టి ఫర్వాలేదు అనడం కంటే, చిన్నది కాబట్టే ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాం, జాగ్రత్త అనడం నాకు సబబుగా అనిపిస్తుంది.

మల్లె పోయాక కూడా పాపకు కూతలు తగ్గలేదు. అప్పుడు గానీ పరీక్ష చేయించాలని తోచలేదు. హైదరాబాద్ తీసుకెళ్లాం. అలర్జీ మందులు, అంటే సెట్రిజిన్ లాంటివి, వారం ముందు నుంచే ఆపమన్నారు, లేకపోతే పరీక్ష తప్పు చూపిస్తుంది. ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, ఒక్కో చోట అలర్జీ తెచ్చే ఒక్కో పదార్థపు చుక్క వేసి, సూదిమొనతో పైపైన గుచ్చారు. పదిహేను, ఇరవై నిమిషాల్లో దోమ కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. పాప ఏడుపు మానేసి ఆసక్తిగా లెక్కపెట్టింది. ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులకు పెద్ద దద్దు. బొద్దింకకు ఇంకొకటి. వయ్యారిభామకు, అదే మనవాళ్లు కాంగ్రెస్ గడ్డి అంటారే, దానికి మరొకటి. కుక్కకు ఏమీ లేదు. పిల్లికి చిన్నది. కుందేలు? ఆ వరుసలో కుందేలు చుక్కే లేదు.

అంటే మల్లె దోషి అవునో కాదో నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ రాత్రి బస్సులో కూర్చుని లెక్క వేసుకుంటే నాకు బోను కంటే సంచులు గుర్తొచ్చాయి. దులిపితే పొగలా లేచే వరిగడ్డి. అడితి రంపపు పొట్టు, అందులో ఏ చెక్క ఉందో దేవుడికే తెలుసు. పాప కింద పదేళ్ల నాటి దూది పరుపు. ఇవి మూడూ ఇంట్లోనే పెట్టుకుని, ఒక తెల్ల జీవాన్ని రేకుల కిందికి పంపాను.

ఇంతకీ పరుపు గురించి ఎవరూ బెంగ పెట్టుకోరు, ఎందుకంటే దానికి చెవులు, తోక లేవు. మేం ముందు దాన్ని పట్టుకున్నాం. దూది పరుపు తీసేశాం, కొత్తదానికి, దిండుకు దుమ్ము చొరబడని జిప్పు కవర్లు వేశాం. దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతుకుతున్నాం. ఆ పురుగులు చావాలంటే నీళ్లు 55 డిగ్రీలకు పైనే ఉండాలి. చీపురు బదులు తడి గుడ్డ. కూలర్ సంగతి ఎవరికీ తోచదు. పోయిన ఏడాది గడ్డి ప్యాడ్లే ఉంచి ఏప్రిల్‌లో స్విచ్ వేస్తే, ఆ మగ్గిన వాసన ఊరికే వాసన కాదు, బూజు. ప్యాడ్లు మార్చి, తొట్టి కడిగాకే వేస్తున్నాం. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్‌ను, దానికి తగిలించే స్పేసర్ గొట్టంతో రోజూ ఇస్తున్నాం. "అలవాటైపోతది" అని భయపెట్టిన వాళ్లు ఇంటికొకరు దొరికారు. అలవాటైతే కానివ్వండి, కళ్లద్దాలు అలవాటు కాలేదా? నాలుగు నెలల్లో రాత్రి లేవడం దాదాపు ఆగిపోయింది.

అమ్మకు మాత్రం ఇదంతా వేషాలే. "మా కాలంల ఎడ్లు, బర్లు, మేకలు, కోళ్లు అన్నీ ఇంట్లనే ఉండె. ఎవలకన్న దమ్ము లేసిందా?" నేను తేలిగ్గా కొట్టిపారేయను ఈ మాటను, ఎందుకంటే సగం నిజం ఉంది. అమెరికాలో పాత పద్ధతిలో ఆవుల మధ్య బతికే ఆమిష్ రైతు పిల్లలను, యంత్రాలతో సేద్యం చేసే హట్టరైట్ పిల్లలను పోల్చి 2016లో ఒక అధ్యయనం వచ్చింది. రెండు వర్గాలూ యూరప్ నుంచి వచ్చినవే, తిండీ తీరూ దగ్గర దగ్గరే. అయినా ఆమిష్ పిల్లల్లో ఆస్తమా చాలా తక్కువ. పుట్టినప్పటి నుంచీ కొట్టపు దుమ్ములో పెరిగితే ఒంటికి ఓర్పు వస్తుందన్నమాట. మిగతా సగం ఏమిటంటే, రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో పెరిగి, ఇప్పటికే దమ్ము వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లకు ఇప్పుడు దుమ్ము పట్టిస్తే ఓర్పు రాదు, అంబులెన్స్ వస్తుంది. పైగా అమ్మా, మన బర్రె ఎప్పుడైనా నీ మంచం పక్కన పడుకుందా అని అడిగాను. నవ్వి ఊరుకుంది. మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు వేయించాలన్నది కూడా అమ్మ పట్టే. వెళ్లాం, వరుసలో నిలబడ్డాం, కొర్రమీను పిల్లను పాప ధైర్యంగా మింగింది. అమ్మ తృప్తి అమ్మది. ఇన్‌హేలర్ మాత్రం సంచిలోనే ఉంది, ఆ రాత్రీ వాడాం.

ఏడాది తర్వాత పాప మళ్లీ అడిగింది. ఈసారి మా మేనల్లుడు ఉత్సాహపడ్డాడు, "చేన్ల చెవులపిల్లి ఉన్నది, పట్టుకొస్త మామా" అని. వద్దన్నాను. మన చేలల్లో ఉరికే చెవులపిల్లి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవి, రామచిలుకకు ఉన్నట్టే. దుకాణంలో దొరికేది యూరప్ నుంచి వచ్చిన వేరే జాతి. చేనుదాన్ని బోనులో పెడితే బెదురుతోనే చావొచ్చు.

నాతో పనిచేసే ఒక మాస్టారింట్లో గినీ పిగ్‌లు ఉన్నాయి. నేను చేసిన ఒక్క తెలివైన పని, కొనే ముందు పాపను ఆరు వారాలు వాళ్లింటికి తీసుకెళ్లడం. ఆదివారం, బుధవారం, గంట చొప్పున. మొదట ఒకే గదిలో కూర్చోవడం, తర్వాత తాకడం, తర్వాత బోను కడిగేటప్పుడు పక్కన ఉండటం. ఇంటికొచ్చాక కళ్లు, ముక్కు, రాత్రి నిద్ర, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ముంజేతి మీద గోళ్లు గీసుకున్న చోట ఒకసారి దురద వచ్చింది, అంతకుమించి ఏమీ లేదు. డాక్టర్‌ను అడిగాకే రెండు తెచ్చాం. అవి గుంపుగా బతికే జీవాలు, ఒంటరిగా ఉంచకూడదు. ఆడ, మగ సరిగ్గా చూసుకోవాలి, లేకపోతే రెండు నెలలు దాటగానే బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుట్టి అప్పుడే నడిచే పిల్లలు కనపడతాయి. గోధుమ రంగుదానికి జొన్న, బూడిద రంగుదానికి సజ్జ అని పేర్లు.

బోను వెనక వరండాలో ఉంటుంది, పాప గదికి రెండు తలుపుల అవతల. ఒప్పందం ప్రకారం కడిగేది నేను. పొద్దున ఆరున్నరకు పాత టీషర్టు, మాస్కు వేసుకుంటాను. కింద పరిచిన పాత నూలు చీర ముక్కలను దులపను, దులిపితే అంతా గాలిలోకి లేస్తుంది. నాలుగు అంచులూ లోపలికి మడిచి, మూటలా తీసి, నేరుగా బకెట్ నీళ్లలో ముంచేస్తాను. బోను అడుగు తడి గుడ్డతో తుడుస్తాను. మూలల్లో తెల్లగా పేరుకుని ఉంటుంది, అది ఎండిన ఉచ్చ, వెనిగర్ నీళ్లకు వదులుతుంది. గడ్డి సంచి వరండాలోనే విప్పుతాను, అదీ పాప బడికి వెళ్లాక. టీషర్టు అక్కడే విప్పి, చేతులు కడుక్కుని లోపలికి వస్తాను. పన్నెండు నిమిషాలు. ఈ పన్నెండు నిమిషాలు రోజూ ఇవ్వగలిగే పెద్ద మనిషి ఇంట్లో లేకపోతే, అలర్జీ ఉన్న పిల్లకు బొచ్చు జీవం కొనకండి. పిల్లే కడుక్కుంటుందిలే, బాధ్యత నేర్చుకుంటుంది అనే మాట మిగతా ఇళ్లలో బాగుంటుంది. మా ఇంట్లో ఆ బాధ్యతకు అర్థం ఉచ్చ పట్టిన గుడ్డ మీద మొహం పెట్టడం. ఇంకా ఘోరం ఏమిటంటే, చాలా ఇళ్లలో చివరికి అది అడగకుండానే తల్లి నెత్తిన పడుతుంది.

పొరపాట్లు మళ్లీ చేశాను. రెండో నెలలో సజ్జ కదలడం మానేసింది, ఎత్తితే కీచుమంది. ఎండ దెబ్బ అనుకున్నాను. పశువుల దవాఖానలో ఒక కుర్ర డాక్టర్ కీళ్లు నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగింది. గడ్డి, క్యారెట్, కుందేళ్ల గుళికలు. "సి విటమిన్ లేదు" అంది. మనుషుల్లాగే గినీ పిగ్ ఒంట్లో కూడా సి విటమిన్ తయారు కాదట, రోజూ తిండిలోనే అందాలి, కిలో బరువుకు పది నుంచి ముప్పై మిల్లీగ్రాములు. లేకపోతే చిగుళ్లు, కీళ్లు పట్టేస్తాయి. చుట్టూ బత్తాయి తోటలున్న జిల్లాలో ఉంటూ నేను ఒక జీవానికి సి విటమిన్ లేకుండా చేశాను! బత్తాయి తొన ఇవ్వొచ్చు గానీ జామకాయలో దానికి మూడు నాలుగు రెట్లు ఎక్కువ ఉంటుంది. రోజుకో చిన్న జామ ముక్క, కొంచెం కొత్తిమీర, దొరికినప్పుడు క్యాప్సికం. నీళ్లలో కలిపే చుక్కలు వెలుతురుకు పాడైపోతాయి, వాటిని నమ్ముకోవద్దు. మూడు వారాల్లో సజ్జ ఫ్రిజ్ తలుపు చప్పుడుకు కుయ్ కుయ్‌మనడం మొదలుపెట్టింది. ఆ డాక్టరే ఇంకో మాట చెప్పింది. పిల్లకు మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఎప్పుడూ పోయొద్దు, గినీ పిగ్‌కైనా కుందేలుకైనా అది కడుపులోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తుంది. మన ఇళ్లలో సగం సీసా ఎప్పుడూ అలమారలో ఉంటుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

ఎండాకాలం వాటిని మధ్యాహ్నాలు హాల్లోకి తేవాల్సిందే, వేరే దారి లేదు. గడ్డ కట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి బోనులో పెడితే ఆనుకుని పడుకుంటాయి. మే నెలలో ఏసీ బిల్లు చూసి మా ఆవిడ, "మనకోసం వేసుకోలేదు గానీ వీటికోసం వేస్తున్నం" అంది. నిజమే. అదీ ఖర్చులో రాసుకోవాలి.

అందరూ ఇలా చేయొచ్చని నేను అనను. మాటిమాటికీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చే పిల్లలున్న ఇంట్లో ఏ బొచ్చు జీవమూ వద్దు. పిల్లి అలర్జీ తేలినవాళ్లు పిల్లితో సర్దుకుపోదాం అనుకోవద్దు. హామ్‌స్టర్ అయితే నేను తేను. అది రాత్రి జీవి, కరుస్తుంది, కరిస్తే ఒళ్లంతా అలర్జీ ఎక్కి ప్రాణం మీదికి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వద్దు అని ముందే చెప్పడం పిల్ల మీద ప్రేమ లేకపోవడం కాదు. నేను సరే అనేసి తెచ్చాక ఏమైందో పైన రాశాను.

మొన్న దసరా ముందు ఇల్లంతా బూజులు దులిపాం. పాపను మా అక్కవాళ్లింటికి పంపి రెండు రోజుల తర్వాతే తీసుకురావాల్సింది, సాయంత్రానికే తెచ్చేశాం. ఆ రాత్రి, అయిదు నెలల తర్వాత మొదటిసారి, పిల్లికూతలు. ఆయాసం వెంటనే తగ్గించే నీలం ఇన్‌హేలర్, స్పేసర్, వీపు మీద చెవి. అమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అలవాటుగా వరండా వైపు చూసింది. తర్వాత, నేనేమీ అనకముందే, మూలకు ఆనించి ఉన్న బూజుకర్ర తీసుకెళ్లి బయట పెట్టి వచ్చింది.